అగ్గిపెట్టెంత ఓబీడీ స్కానర్: ఏడాదిన్నర వాడాక నా మాట

నేను ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే పరికరం, మొదటిసారి కొన్నది కోపంలో. చెక్ ఇంజన్ లైట్ వెలిగిందని బండి తీసుకెళ్తే మెకానిక్ స్టీరింగ్ కింద ఏదో గుచ్చి, చేతిలోని బుల్లి స్క్రీన్ వంక పది సెకన్లు చూసి, "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చాలి" అన్నాడు. అందులో ఏం కనబడిందండీ అంటే "కోడ్ వచ్చింది సార్" అన్నాడు. ఏం కోడ్ అని అడిగేసరికే క్లియర్ చేసేశాడు. లైటు ఆరిపోయింది, ఆధారం ఏదీ మిగల్లేదు, సెన్సర్ మార్చాలో వద్దో తేల్చుకోవడానికి నాకున్నదల్లా ఆయన నోటిమాట. ఆలోచించి చెప్తానని బండి వెనక్కి తెచ్చుకున్నా. నాలుగో రోజు లైటు మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ రాత్రే ఆర్డర్ పెట్టాను.

వస్తువు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల ప్లాస్టిక్ ముక్క, వెనక 16 పిన్నులు. డ్యాష్‌బోర్డ్ కింద, స్టీరింగ్‌కి దగ్గర్లోనే దానికి సరిపోయే సాకెట్ ఉంటుంది, దాన్ని ఓబీడీ పోర్ట్ అంటారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోల్ బండ్లకి 2001 నుంచి, డీజిల్‌కి 2004 నుంచి తప్పనిసరి చేశారు, అందుకే ఏ కంపెనీ కారైనా సాకెట్ ఆకారం ఒకటే. గుచ్చాలి, తాళం ఆన్ చేయాలి, ఫోన్‌లో బ్లూటూత్‌తో కలపాలి, యాప్ తెరవాలి, అంతే. మొదటిసారి సాకెట్ వెతుక్కోవడానికే నాకు పావుగంట పట్టింది, మెడ వంచి, టార్చ్ నోట్లో పెట్టుకుని, ఫ్యూజుల మూత పక్కన చిన్న తలుపు వెనక దాక్కుంటే దొరికింది.

డబ్బా మీద మాత్రం "మీ కారు వార్నింగ్ లైట్లన్నీ చదివేస్తుంది" అన్నట్టు రాశారు. అది నిజం కాదు. ఈ తరహా చవక స్కానర్ చదివేది ప్రధానంగా ఒకే ఒక్క లైటుని, పసుపు రంగులో ఇంజన్ బొమ్మలా ఉండే చెక్ ఇంజన్ లైటుని. మిగతా వాటిలో చాలావాటికి ఇది పనికిరాదు, కొన్నిటికి దీన్ని వెతుక్కుంటూ కూర్చోవడమే ప్రమాదం.

ఎర్ర లైట్ల సంగతే చూడండి. అల్లావుద్దీన్ దీపంలాంటి బొమ్మ ఎర్రగా వెలిగిందంటే ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. ఇది ఆయిల్ మట్టం చూపించే లైటని చాలామంది పొరబడి "ఇంటికెళ్లాక కొంచెం పోద్దాంలే" అనుకుంటారు. ప్రెషర్ లేకపోతే లోపల లోహం లోహాన్ని రాసుకుంటుంది, ఇంజన్ కొన్ని నిమిషాల్లోనే చేజారిపోవచ్చు. వెంటనే పక్కకి ఆపి, ఇంజన్ ఆపేసి, కొద్దిసేపు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) చూడాలి. మట్టం సరిగ్గానే ఉంటే మళ్లీ స్టార్ట్ చేయకుండా బండిని లాగించుకెళ్లాలి. అలాంటప్పుడు ఫోన్ తీసి బ్లూటూత్ కలుపుతూ కూర్చుంటే, ఇంజన్ కూడా ఆన్‌లో ఉంటే, ఆ నష్టానికి ఏ స్కానరూ బాధ్యత వహించదు. టెంపరేచర్ ఎర్ర లైటు కూడా అంతే, ఆపడమే పని (వేడి మీద రేడియేటర్ మూత మాత్రం విప్పకండి, లోపల నీళ్లు ఒత్తిడితో మొహం మీదకి వస్తాయి). అదే బొమ్మ నీలం రంగులో కనబడితే భయం లేదు, ఇంజన్ ఇంకా చల్లగా ఉందని చెప్పడం.

బ్యాటరీ బొమ్మ ఇంకో మోసగత్తె. బండి నడుస్తుండగా అది వెలిగితే నూటికి తొంభైమంది బ్యాటరీ పోయిందనుకుంటారు. అసలు చెప్పేది ఛార్జింగ్ ఆగిందని, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో దాన్ని తిప్పే బెల్టునో అనుమానించాలి. కొన్ని బండ్లలో అదే బెల్టు వాటర్ పంపుని కూడా తిప్పుతుంది, బెల్టు తెగితే ఆ వెనకే టెంపరేచర్ కూడా ఎక్కేస్తుంది. ఇక్కడ మాత్రం స్కానర్‌కి కాస్త పనుంది, అది వోల్టేజ్ చూపిస్తుంది. ఇంజన్ ఆపినప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, స్టార్ట్ చేశాక సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్యకి ఎక్కాలి. స్టార్ట్ చేసినా 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతోందంటే మీరు బ్యాటరీలో మిగిలిన దానితో నడుస్తున్నారన్నమాట.

సరే, అసలు విషయానికొస్తాను. పసుపు లైటు.

నా బండికి వచ్చిన కోడ్ పీ0171. యాప్‌లో దాని పక్కనే "సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1" అని ఉంది (బ్యాంక్ 1 అంటే ఒకటో సిలిండర్ ఉన్న వరస). ఇలాంటి కోడ్‌ని చదవడం కష్టం కాదు. మొదటి అక్షరం పీ అయితే ఇంజన్, గేర్‌బాక్స్ సంగతి, సీ అయితే ఛాసిస్, బీ అయితే బాడీ, యూ అయితే లోపలి కంప్యూటర్ల మధ్య మాటలు ఆగిపోయాయని. తర్వాత 0 ఉంటే అందరికీ ఒకటే అర్థం, 1 ఉంటే ఎక్కువగా ఆ కంపెనీ సొంత కోడ్, దానికి అర్థం వాళ్ల పుస్తకంలోనే వెతకాలి. నా పీ0171లో పీతో కలిపి మూడో స్థానంలో ఉన్న 1 ఇంధనం, గాలి విభాగం. అక్కడ 3 ఉంటే మిస్సింగ్ కొడుతున్నట్టు (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా కాలట్లేదని), 4 ఉంటే పొగ నియంత్రణ, 7 అయితే గేర్‌బాక్స్.

ఇంతవరకూ తెలిశాక ఎవరికైనా ఒక ధీమా వస్తుంది, నాకూ వచ్చింది. నిజానికి ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. కోడ్ చెప్పేది లక్షణం, రోగం పేరు కాదు. "లీన్" అంటే ఇంజన్‌లోకి వెళ్తున్న మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని. ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పేది పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరే. మా మెకానిక్ చూసింది కూడా ఈ కోడే అయ్యుంటుంది, చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి దాన్నే మార్చేద్దామన్నాడు. చెడు కబురు తెచ్చాడని పోస్ట్‌మ్యాన్‌ని మార్చినట్టు.

యాప్‌లో లైవ్ డేటా అని ఒక పేజీ ఉంది. నన్నడిగితే ఈ వస్తువుకి పెట్టే డబ్బంతా ఆ పేజీకే పెట్టొచ్చు. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు కనబడతాయి, ఒకటి అప్పటికప్పుడు మారేది, రెండోది నిలకడగా నేర్చుకున్నది. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోల్ కంటే కంప్యూటర్ ఎంత శాతం ఎక్కువో తక్కువో పోస్తోందో అవి చెప్తాయి. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ పది లోపు ఉంటే సాధారణంగా బెంగ అక్కర్లేదు. నా బండిలో ఐడిల్‌లో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతుంటే, కలిపి 24. అంటే పాపం కంప్యూటర్ పావువంతు ఎక్కువ పెట్రోల్ పోసి ఎలాగోలా నెట్టుకొస్తోంది, ఇక చేతకాక లైటు వేసింది. అప్పుడు ఎక్సలేటర్ మెల్లగా తొక్కి ఇంజన్‌ని 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టుకుంటే అదే అంకె దిగుతూ దిగుతూ 6కి వచ్చింది. వదిలేస్తే మళ్లీ 24.

ఈ ఆటని ఓ అరగంట ఆడాను. మా బండిలో లోపలికి వెళ్లే గాలిని ఒక ఫ్లో సెన్సర్ కొలుస్తుంది. ఆ సెన్సర్ దాటాక ఎక్కడైనా చిల్లు ఉంటే అక్కడ దూరే గాలి లెక్కలోకి రాదు. ఐడిల్‌లో ఇంజన్ పీల్చేదే తక్కువ కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దదవుతుంది, వేగం పెరిగితే మొత్తం గాలి పెరిగి దాని వాటా చిన్నదవుతుంది. అంకె దిగడానికి కారణం అదే. పెట్రోల్ పంపో ఫిల్టరో సరిగ్గా లేకపోతే ఇది తిరగబడేది, వేగంలో ఇంకా పెరిగేది. సెన్సర్ మీద నా అనుమానం అక్కడితో సగం పోయింది.

బానెట్ ఎత్తాను. ఇంజన్ ఐడిల్‌లో ఉంది, చొక్కా చేతులు పైకి మడిచాను (బెల్టులున్న వైపు చెయ్యి పెట్టకండి). ఇంటేక్‌కి వెళ్లే రబ్బరు గొట్టాలని ఒక్కొక్కటే వేళ్లతో తడుముతూ వెళ్తే, ఇంజన్ లోపలి ఆవిర్లని వెనక్కి తెచ్చే సన్న గొట్టం, పీసీవీ గొట్టం అంటారు, కిందకి వంగే మూల దగ్గర వేలి కొసకి చిన్నగా లాగినట్టనిపించింది. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉంది. చీలిక కింది వైపు, గోరంత పొడవు, కంటికి కనబడదు. దాని మీద బొటనవేలు గట్టిగా అదిమితే ఇంజన్ చప్పుడు మారింది, అప్పటిదాకా సన్నగా వణుకుతున్నది కుదురుకుంది, డ్రైవర్ సీటు మీద పెట్టిన ఫోన్‌లో అంకె 24 నుంచి కిందకి జారడం మొదలైంది. నేనొక్కణ్ణే ఉన్నా గట్టిగా అరిచాను, దాచడమెందుకు. గొట్టం మార్చాం, రెండు క్లిప్పులు, పది నిమిషాల పని. పాత సెన్సర్ ఇప్పటికీ బండిలోనే ఉంది.

అందరికీ ఇంత తీరిక, ఓపిక ఉండవని తెలుసు. కనీసం ఆ అంకెలు ఫొటో తీసి మెకానిక్‌కి చూపిస్తే చాలు, మాట తీరే మారిపోతుంది.

రెండోసారి లైటు వెలగలేదు, మెరిసింది. తేడా చాలా పెద్దది. స్థిరంగా వెలిగితే బండి నడక మామూలుగా ఉన్నంతవరకు వీలు చూసుకుని చూపించుకోవచ్చు, మిణుకు మిణుకుమంటే మాత్రం ఇంజన్ బాగా మిస్సింగ్ కొడుతోందని. కాలని పెట్రోల్ పొగగొట్టంలోకి వెళ్లి అక్కడ పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది, అది కారులో ఖరీదైన భాగాల్లో ఒకటి. ఎత్తు ఎక్కుతుంటే బండి కుదుపులతో మొరాయించింది, నేను ఎక్సలేటర్ వదిలేసి పక్కకి ఆపాను. కోడ్ పీ0303, అంటే మూడో సిలిండర్. దానితో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దొరుకుతుంది, లోపం పట్టుబడిన క్షణంలో బండి పరిస్థితికి ఫొటో లాంటిది: వేగం 41, ఆర్‌పీఎమ్ 1900, లోడ్ 82 శాతం, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే ఇంజన్ వేడెక్కి, బరువు మోస్తున్నప్పుడు వచ్చింది. ఇది మెకానిక్‌కి చెప్తే, ఖాళీ రోడ్డు మీద మెల్లగా తిప్పి "ఏం లేదు సార్" అనే ఛాన్స్ ఉండదు.

ఇక్కడ ఒక కిటుకు చెప్తాను, ప్రతి సిలిండర్‌కి విడిగా కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకి కరెంట్ పంపేది) ఉన్న బండ్లలో పనిచేస్తుంది. ఇంజన్ ఆపి, చల్లారాక, మూడో కాయిల్‌ని తీసి ఒకటో దాని స్థానంలో, ఒకటోదాన్ని మూడులో పెట్టి, కోడ్ క్లియర్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. ఈసారి పీ0301 వస్తే రోగం కాయిల్‌తో పాటు నడిచొచ్చిందన్నమాట. మళ్లీ 0303 వస్తే కాయిల్ మంచిదే, ప్లగ్గునో ఇంజెక్టర్‌నో చూడాలి. నాకు 0301 వచ్చింది, ఒక్క కాయిల్ మార్చాను. స్కానర్ లేకపోతే నాలుగూ మార్చేవాళ్లమేమో.

క్లియర్ బటన్ గురించి ఒక మాట. అది యాప్‌లో అన్నిటికన్నా పెద్దగా, ఎర్రగా, నొక్కు నొక్కు అన్నట్టు ఉంటుంది. దాన్ని నొక్కితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఎగిరిపోతుంది, బండి తనని తాను పరీక్షించుకున్న రికార్డులు కూడా మొదటికి వస్తాయి. స్క్రీన్‌షాట్ తీయకుండా నొక్కకండి. నిజంగా బాగుచేశాక నొక్కకపోయినా పర్లేదు, లోపం మళ్లీ కనబడకపోతే వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లయ్యాక (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒక సైకిల్) లైటు దానంతటదే ఆరుతుంది.

ఈ బటన్ వల్లే మా బావమరిది ఒక పాత కారు కొనకుండా బయటపడ్డాడు. డ్యాష్‌బోర్డ్ శుభ్రంగా ఉంది, ఒక్క లైటూ లేదు, కోడ్‌లు సున్నా. వాడు అప్పటికే మనసులో కొనేశాడు. నేను ఊరికే ఇంకో పేజీ తెరిచాను, "కోడ్‌లు క్లియర్ చేశాక తిరిగిన దూరం" అని ఉంటుంది. 9 కిలోమీటర్లు. పక్క పేజీలో సొంత పరీక్షలు, క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్, అన్నీ "పూర్తికాలేదు". బ్యాటరీ తీసి పెట్టినా ఇలా కావచ్చు కాబట్టి నేను నోరు పారేసుకోలేదు, అమ్మేవాయన్ని మర్యాదగానే అడిగాను. "మొన్ననే కొత్త బ్యాటరీ వేశానండీ" అన్నాడాయన. బానెట్ ఎత్తి చూస్తే టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుని, పైన దుమ్ము వేలితో పేరు రాసుకునేంత మందంగా ఉంది. బావమరిది నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. వచ్చేశాం.

పాత కారు చూడ్డానికి వెళ్లేవాళ్లకి స్కానర్ లేకుండానే చేసుకోగల పరీక్ష కూడా ఒకటుంది. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆగితే చెక్ ఇంజన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటి లైట్లు ఒక్కసారి వెలగాలి, బల్బు బతికుందో లేదో చూపించడానికి. ఎయిర్‌బ్యాగ్ బొమ్మ అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దాన్ని పీకేశారేమోనని అనుమానించాలి, వెలిగి ఆరకపోవడం కంటే ఇది దారుణం.

ఇప్పుడు తిట్లు. నేను మొదట కొన్నది పేరూ ఊరూ లేని నకలు, రెండు వారాల్లో మూగబోయింది, మధ్యలోనే కనెక్షన్ తెగేది, లైవ్ డేటా నత్తనడక. వీటిలో చాలావాటి మీద ఈఎల్ఎమ్327 అని లోపలి చిప్ పేరు ఉంటుంది. ఆ చిప్‌ని తయారుచేసింది ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే కెనడా సంస్థ, మొదటి వెర్షన్‌కి కాపీ కాకుండా రక్షణ పెట్టకపోవడంతో ప్రపంచమంతా నకళ్లు పుట్టుకొచ్చాయి, ఆ సంస్థ 2022లో మూతపడింది కూడా. వెర్షన్ 1.5 అని రాసి ఉంటే నవ్వుకోండి, ఆ సంస్థ ఆ నంబరుతో ఏదీ విడుదల చేయలేదు. రెండోది కాస్త మంచిది తీసుకున్నా, ఈ రివ్యూ దాని గురించే.

ఐఫోన్ వాళ్లు కొనేముందు చూసుకోండి, పాత తరహా బ్లూటూత్‌ది మీకు సాధారణంగా పనిచేయదు, బ్లూటూత్ లో ఎనర్జీ రకమో వైఫై రకమో కావాలి. వైఫైది కలిపినంతసేపు ఫోన్‌కి ఇంటర్నెట్ పోతుండొచ్చు, అప్పుడు కోడ్ అర్థం వెతకాలంటే ఇంకో ఫోన్. ఇంకో తలనొప్పి, పోర్ట్‌కి బ్యాటరీ నుంచి కరెంట్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, తాళం తీసినా సరే. నేను దాన్ని అలాగే వదిలేసి పది రోజులు బండి ముట్టలేదు, వచ్చి చూస్తే స్టార్టర్ టక్ టక్ మంది తప్ప తిరగలేదు. తప్పు బ్యాటరీ వయసుదా దీనిదా అని గట్టిగా చెప్పలేను కానీ, అప్పట్నుంచి పనవగానే పీకేస్తున్నా. పైగా మా బండిలో అది సరిగ్గా క్లచ్ కాలికి తగిలే చోట ఉంటుంది.

పెద్ద లోటు మాత్రం ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్. ఆ లైట్లు వెలిగితే ఇది బ్లాంక్ మొహం పెడుతుంది. వాటికి ఖరీదైన స్కానరో, మీ కంపెనీ బండికి ప్రత్యేకంగా చేసిన యాపో కావాలి. ఏబీఎస్ పసుపు లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తూనే ఉంటాయి, గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ కావచ్చు, అంతే. ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే అది వేరే కథ, ముందు బండి ఆపండి. ఎర్ర బ్రేక్ లైటు ఒక్కటే వెలిగితే మొదట హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దిగిందా చూడండి (నవ్వకండి, నేనూ చేశాను), తర్వాత ఫ్లూయిడ్ మట్టం. మట్టం తగ్గిందని ఊరికే పోసేసి వదిలేయొద్దు, ప్యాడ్లు అరిగాయనో ఎక్కడో కారుతోందనో అది చెప్తోంది.

పూర్తి ఎలక్ట్రిక్ కారున్నవాళ్లకి దీనితో పెద్దగా పనిలేదు, ఈ మామూలు కోడ్‌లన్నీ పెట్రోల్, డీజిల్ ఇంజన్ల పొగ చుట్టూ అల్లినవే.

అయిదుకి మూడున్నర ఇస్తాను. డబ్బా మీద అబద్ధం రాసినందుకు ఒకటి, ఆ ఎర్ర క్లియర్ బటన్‌ని అంత పెద్దగా పెట్టినందుకు అర తీసేశాను. మొన్న సర్వీస్‌కి వెళ్తే అదే మెకానిక్ స్కానర్ గుచ్చబోయి ఆగి, "మీరు చూసే ఉంటారుగా సార్, కోడ్ ఏమొచ్చింది?" అన్నాడు. ఏమీ రాలేదు, ఆయిల్ మార్చడానికే వచ్చానన్నాను.